సీలు తీయని మాస్కులు

ఇప్పుడు మా ఇంటి మెట్లు పద్నాలుగూ ఒక్కసారి ఆగి ఎక్కేస్తున్నాను. పోయిన వానాకాలంలో నాలుగుసార్లు ఆగేవాణ్ణి. ఎవరైనా చూస్తున్నారనిపిస్తే, చెప్పు తెగినట్టు కిందికి వంగి దాన్ని సరిచేసుకుంటున్నట్టు నటించేవాణ్ణి. కింద కిరాణా కొట్టాయన చూసి చూసి, "ఇంక కొత్త చెప్పులు కొనుక్కోండి నాయుడుగారూ" అని హిందీలో జాలిపడ్డాడు. చెప్పులకేమీ కాలేదు. చెడింది నా ఊపిరితిత్తులు.

ఇదంతా రాయమన్నది కరుణమ్మ. హాస్పిటల్లో మా వార్డు నర్సు, గుంటూరు వైపు మనిషి. "నోటితో చెప్పుకోలేంది కాయితం మీద పెట్టన్నయ్యా, గుండెల మీద కాస్త తేలికవుద్ది" అంది. తేలికవుతుందో లేదో తెలియదు. మంటల్లోకి, పొగల్లోకి వెళ్ళే ఉద్యోగం చేసేవాళ్ళు ఒకరిద్దరు చదివితే చాలు.

మా నాన్న విజయనగరం దగ్గర్నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను పుట్టింది ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, డ్యూటీలో ఛత్తీస్‌గఢీ. సిల్తారాలో ఒక ఉక్కు కర్మాగారం అగ్నిమాపక కేంద్రంలో లీడింగ్ ఫైర్‌మన్‌ని. అంటే ఆరుగురికి పెద్దని. భుజం మీద ఒక పట్టీ, జేబులో ఒక తాళంచెవి ఎక్కువ.

ఆ తాళంచెవి గురించి ముందే చెప్పాలి. మా కేంద్రంలో అద్దం తలుపున్న చిన్న బీరువా ఒకటుంది, బండిలోకి ఎక్కించగలిగేంతది. అందులో మూడు మాస్కులు. వీపుకి గాలి సిలిండరు తగిలించుకుని, ముఖానికి రబ్బరు తొడుగు బిగించుకుంటే ఎంత పొగలోనైనా అరగంట మన గాలి మనం పీల్చుకోవచ్చు. ఏటా ఏప్రిల్లో తనిఖీ అధికారి వస్తాడు. సిలిండరు నిండుగా ఉందా, రబ్బరు మీద మరక ఉందా, తీగకి వేసిన సీసపు సీలు అలాగే ఉందా అని చూస్తాడు. రిజిస్టరులో 'చాలా బాగున్నాయి' అని రాసి, టీ తాగి వెళ్తాడు. సీలు తెగిందంటే సంజాయిషీ రాయాలి, సిలిండరు నింపడానికి బయటికి పంపాలి, అది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. కాబట్టి ఆ మాస్కులు మేమెవ్వరం ఎప్పుడూ పెట్టుకోలేదు. పొగలోకి వెళ్ళాలంటే మెడలో ఉండే గమ్ఛా, అదే తువ్వాలు, తడిపి ముక్కుకి కట్టుకునేవాళ్ళం. ఆరేళ్ళు వరసగా 'చాలా బాగున్నాయి' తెచ్చుకున్న కేంద్రం మాది. నాకు అదొక గొప్ప.

1996 ఏప్రిల్

మధ్యాహ్నం భోజనాల వేళ కేబుల్ సొరంగంలో మంట అని ఫోను. ఎలక్ట్రికల్ వాళ్ళిద్దరు లోపలే ఉండిపోయారు. మేం వెళ్ళేసరికి మెట్ల దగ్గర్నుంచే పొగ బయటికి తోసుకొస్తోంది. కట్టెల పొగలా కాదు, తీగల మీది ప్లాస్టిక్ కాలుతున్న పొగ. ముక్కులోకి పోగానే బ్లీచింగ్ పౌడరు డబ్బా మూత తీసి దగ్గరగా వాసన చూసినట్టు మంట.

నా పక్కన బుధ్‌రామ్ ఉన్నాడు. ధర్సీవా వైపు పల్లెటూరివాడు, ముప్ఫై ఐదేళ్ళు, ఇద్దరు పిల్లలు. నాతో అయిదేళ్ళుగా ఒకే షిఫ్టు. బండి దిగుతూనే అడిగాడు: "భైయా, మాస్క్ నికాలవ్ కా?" అన్నయ్యా, మాస్కులు బయటికి తియ్యనా అని.

బండిలోనే తెచ్చాం బీరువాని. ఎక్కడికి వెళ్ళినా తీసుకెళ్ళాలని రూలు. తాళంచెవి నా జేబులో ఉంది. తాళం తీసి, తీగ తెంపి, పట్టీలు బిగించుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టేది. కానీ ఆ క్షణంలో నా బుర్రలోకి వచ్చింది నిమిషాలు కాదు. తనిఖీ ఇంకా తొమ్మిది రోజులే ఉందని వచ్చింది.

"గమ్ఛా భిగో లే" అన్నాను. గుడ్డ తడుపుకో అని.

అతను బాల్టీలో గమ్ఛా ముంచి, పిండి, నాది కూడా తడిపి ఇచ్చాడు. ఇద్దరం లోపలికి వెళ్ళాం. వాళ్ళిద్దర్నీ ఒకరి తర్వాత ఒకర్ని ఈడ్చుకొచ్చాం. నేను రెండుసార్లు వెళ్ళాను, బుధ్‌రామ్ మూడుసార్లు వెళ్ళాడు. మూడోసారి ఇంకెవరైనా ఉన్నారేమో చూసొస్తానని వెళ్ళాడు. ఎవరూ లేరు.

ఆ సాయంత్రం ఇద్దరం బాగానే ఉన్నాం. గొంతు మంట, కళ్ళు ఎర్రబడ్డాయి, అంతే. జనం భుజాలు తట్టారు. ఇంటికొచ్చి చేపల పులుసుతో రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను. ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగిన ఒకే ఒక్క వైద్యం మాట ఇది: మొదటి రోజు ఒంటిని నమ్మకండి. తెల్లారేసరికి పడుకోలేకపోయాను. పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉంది, కూర్చుంటే నీళ్ళ చెంబులోంచి గాలి పీలుస్తున్నట్టు గరగర. మా ఆవిడ సత్యవతి నా పెదాలు చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏటండీ, నేరేడుపళ్ళు తిన్నట్టు ఎలాగైపోనాయి!" అని ఒక్క కేక వేసి ఆటో కోసం పరిగెత్తింది.

హాస్పిటల్

నాకంటే ముందే బుధ్‌రామ్‌ని తెచ్చి పక్క మంచం మీద పెట్టారు. మూడు వారాలు ఇద్దరం అలా పక్కపక్కనే కూర్చునే పడుకున్నాం. మాట్లాడే ఊపిరి లేదు. ఒకరి ముక్కు గొట్టం ఒకరు చూసుకుంటూ గడిపాం. నా ఊపిరి ఆడుతోందా అని కాక, అతని ఊపిరి ఆడుతోందా అని వింటూ ఉండేవాణ్ణి. అతని దగ్గర శబ్దం తగ్గితే మంచం ఊచ మీద తట్టి లేపేవాణ్ణి.

కరుణమ్మ మొదటి రోజే నా నోట తెలుగు మాట విని ఆగిపోయింది. "మనోళ్ళా? ముందే చెప్పొద్దా అన్నయ్యా!" అని ఎక్కడినుంచో ఇంకో రెండు దిళ్ళు తెచ్చి మా ఇద్దరి వీపుల వెనకా సర్దింది. ఆ వార్డులో దిండు దొరకడమంటే రిజర్వేషను దొరికినట్టే. పక్క మంచాలవాళ్ళు గొణిగితే, "వీళ్ళు పడుకుంటే పోతారు, మీరు దిండు లేకుండా పడుకున్నా పోరుగా" అని తనకి వచ్చీరాని హిందీలో వాళ్ళకి నచ్చజెప్పింది.

బయట వరండాలో బెంచీల మీద సత్యవతి, బుధ్‌రామ్ భార్య రోజంతా కూర్చునేవారు. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. ఆమె ఉడకబెట్టిన శనగలు మూట కట్టుకొచ్చేది, ఈమె పులిహోర తెచ్చేది. ఫ్యాను కింద చోటు ఒకటే ఉంటే మధ్యాహ్నం వరకు ఒకరు, తర్వాత ఒకరు. అది వాళ్ళలో వాళ్ళే పెట్టుకున్న షిఫ్టు.

తొమ్మిదో రోజున మా ఫైర్ ఆఫీసరు జిలేబీ పొట్లం పట్టుకుని వచ్చాడు. చెడ్డవాడు కాదు, కాగితానికి భయపడే మనిషి. నా చెవి దగ్గర వంగి సంతోషంగా చెప్పాడు: తనిఖీ అయిపోయిందట. మాస్కులకి ఈసారి కూడా 'చాలా బాగున్నాయి' వచ్చిందట. నేను కూడా సంతోషిస్తానని పాపం అనుకున్నాడు. ఆ జిలేబీ వాసన ఇప్పటికీ నాకు గిట్టదు.

జూన్, జూలై

ఇంటికొచ్చాక ఇంకా కష్టం. హాస్పిటల్లో అందరూ రోగులే కాబట్టి సిగ్గుండదు. ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తబోతే పదో తరగతి చదివే మా భవాని వచ్చి లాక్కునేది. కొత్త ప్లాస్టిక్ బాల్టీ వాసనకి వాంతి వచ్చేది. సత్యవతి ఆ బాల్టీని మేడ మీద పెట్టి మళ్ళీ ఇనుప బాల్టీ దించింది. రాయపూర్ ఎండ, దాని మీద టాటీబంధ్ కూడలి లారీల పొగ. కిటికీ తీస్తే దగ్గు, మూస్తే ఉక్క.

డాక్టరు రోజుకి ఇరవైసార్లు బెలూన్లు ఊదమన్నాడు. నలభై నాలుగేళ్ళవాణ్ణి, మీసాలు పెట్టుకుని ఎర్ర బెలూను ఊదుతూ కూర్చున్నాను. మొదట్లో అది కోడిగుడ్డంత కూడా అయ్యేది కాదు. వీధిలోవాళ్ళకి కనబడకుండా వంటింట్లోకి పోయి ఊదేవాణ్ణి. "బెలూన్లు ఊదడానికి కూడా మొహమాటమేటండీ, దొంగతనం చేస్తన్నట్టు!" అని సత్యవతి వెక్కిరించింది. నవ్వబోయి దగ్గాను. ఆ రబ్బరు వాసన ముక్కుకి తగిలినప్పుడల్లా బీరువాలోని మాస్కులు గుర్తొచ్చేవి. ఒక్కసారైనా వాటి వాసన ఇలాగే ఉంటుందా అని చూసుకోలేదు కదా అనిపించేది.

జూన్ నెలాఖరున కంపెనీవాళ్ళు సభ పెట్టి నాకు, బుధ్‌రామ్‌కి శాలువాలు కప్పారు. 'తడిగుడ్డతో మృత్యువులోకి నడిచినవారు' అని ఒకాయన హిందీలో ఉపన్యాసం ఇచ్చాడు. విచారణ అధికారి ఆసుపత్రిలోనే నన్ను అడిగిపోయాడు, మాస్కులు ఎందుకు వాడలేదని. టైము లేదు సార్ అన్నాను. రాసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి శాలువా మంచం మీద పడేస్తే సత్యవతి దాన్ని మడత కూడా పెట్టలేదు. "నాకీ గుడ్డెందుకండి? ఉద్యోగం మానీండి. విజయనగరం ఎల్లిపోదాం, మా అన్నయ్య ఏదో ఒకటి చూస్తాడు" అంది. తర్వాతి నెలంతా మా ఇద్దరికీ అదే గొడవ. ఆవిడ భయం ఆవిడది. నేను మానను అన్నది ధైర్యంతో కాదు. ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒకటి ఉండిపోయిందని, దాన్ని వదిలేసి పోతే ఎక్కడా ఊపిరాడదని.

ఆగస్టు

బుధ్‌రామ్ ఊపిరి నాకంటే బాగా దెబ్బతింది. మూడోసారి లోపలికి వెళ్ళినవాడు కదా. డాక్టరు ఇక మంటల పనికి పనికిరాడన్నాడు. నన్ను మా కేంద్రం స్టోరులోనే తేలిక పనికి వేస్తామన్న కంపెనీ, అతనికి మాత్రం ఉత్తరం పంపింది. మాస్కులు అందుబాటులో ఉన్నాయి, రికార్డు ప్రకారం మంచి స్థితిలో ఉన్నాయి, అయినా ఉద్యోగి పెట్టుకోకుండా లోపలికి వెళ్ళాడు, ఇది అతని సొంత నిర్లక్ష్యం కాబట్టి వేరే పని ఇచ్చే బాధ్యత లేదు, నెలాఖరుకి పనిలోంచి తీసేస్తున్నాం అని. ఆ ఉత్తరం ఇంగ్లీషులో ఉందని, చదివించుకోవడానికి నా దగ్గరికే వస్తానని కబురు పెట్టాడు. అందులో ఏముందో ఫైర్ ఆఫీసరు నాకు అప్పటికే చెప్పి ఉన్నాడు.

ఆ కబురు విన్నాక సత్యవతికి మొదటిసారి నిజం చెప్పాను. అతను అడిగాడు, నేను వద్దన్నాను, తనిఖీ కోసం. ఆవిడ బియ్యం ఏరడం ముగించి చేట పక్కన పెట్టింది.

"మన షోకేసులో కప్పుల్లాగ దాచీసినారన్నమాట" అంది చివరికి. మా పెళ్ళికి వచ్చిన పింగాణీ కప్పులు ఆరున్నాయి. పదిహేడేళ్ళలో వాటిలో ఎవరూ ఏమీ తాగలేదు. "కప్పులు దాచితే కప్పులే మిగులుతాయండీ. మీరు దాచింది కప్పులు కాదు కదా."

"ఇప్పుడు చెప్తే నా ఉద్యోగం పోవచ్చు సత్యా."

"చెప్పకపోతే ఆయనది పోతాది. ఆవిడా నేనూ ఒకే బెంచీ మీద కూకున్నాం. ఆవిడ మొహం నానెలా చూడాల?" అంది. విజయనగరం వెళ్ళిపోదామన్న మనిషే ఈవిడ.

మర్నాడు బుధ్‌రామ్ వచ్చాడు. మెట్ల మీద అతను ఆగడం లోపలికి వినిపించింది. లెక్కపెట్టాను, ఆరుసార్లు. సత్యవతి షోకేసు తెరిచి, ఆ కప్పులు కడిగి, వాటిలో టీ తెచ్చింది. బుధ్‌రామ్ రెండు చేతులతో ఆ కప్పు పట్టుకుని ఉత్తరం నాకిచ్చాడు. చదివి హిందీలో చెప్పాను. 'సొంత నిర్లక్ష్యం' అన్నచోట కాగితం దించేశాను. అప్పుడు మిగతాది చెప్పేశాను. నువ్వు అడిగావు, తాళంచెవి జేబులో ఉంది, నాకు తొమ్మిది రోజుల తర్వాత రాబోయే తనిఖీ గుర్తొచ్చింది. నన్ను క్షమించమని కూడా అన్నాను. అలా అడగడం ఎంత తేలికో అడిగాక తెలిసింది.

అతను ఒక గుక్క టీ తాగాడు. తర్వాత మెల్లగా, ఆగి ఆగి, తన భాషలో చెప్పాడు. నువ్వు చెప్పకుండా ఉంటే బాగుండేది. ఇన్నాళ్ళూ పొగని తిట్టుకున్నాను. ఇక నిన్ను తిట్టుకోవాలి. పొగని తిట్టుకోవడమే నయం.

టీ సగం తాగి లేచాడు. వెళ్ళేటప్పుడు నన్ను 'లీడర్' అన్నాడు. డ్యూటీలో పై అధికారుల ముందు అనే మాట అది. అయిదేళ్ళలో మేమిద్దరమే ఉన్నప్పుడు 'భైయా' అనే తప్ప ఎప్పుడూ అలా పిలవలేదు.

ఆ మధ్యాహ్నమే కూర్చుని రాశాను. అతను మాస్కు అడిగాడు, నేను నిరాకరించాను, కారణం ఇది, తప్పు నాది అని. ఫైర్ ఆఫీసరు చదివి తలపట్టుకున్నాడు. "పైడిరాజూ, దిమాగ్ ఖరాబ్ హో గయా క్యా? రిపోర్టు మూసేశారు, దాన్ని మళ్ళీ తెరుస్తావా?" అన్నాడు. చింపేయబోయి, నా మొహం చూసి, మళ్ళీ మడిచి పైకి పంపాడు. ఆ కాగితం పంపడానికి ఆయనకి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకు తెలుసు.

తర్వాత రెండు నెలలు మమ్మల్ని పిలవడం, కూర్చోబెట్టడం, మళ్ళీ రమ్మనడం. హాస్పిటలు వరండా ఒకలాంటి ఎదురుచూపైతే, ఆఫీసు వరండా ఇంకోలాంటిది. అక్కడ శనగలు పెట్టేవాళ్ళుండరు. నేనూ బుధ్‌రామ్ ఒకే బెంచీకి రెండు చివర్ల కూర్చునేవాళ్ళం. చివరికి తేలింది. అతన్ని తీసెయ్యలేదు. మా కేంద్రంలోనే ఫోను దగ్గర కూర్చునే పని ఇచ్చారు, వైద్యం కంపెనీదే అన్నారు. నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, భుజం మీద పట్టీ తీసేశారు. పట్టీ ఊడదీసిన చోట చొక్కా రంగు వేరుగా, కొత్తగా కనిపించింది. తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంచారు. అందరూ దాన్ని ముట్టుకోవడానికి భయపడ్డారు.

దీపావళి తర్వాత

పనిలో చేరిన మొదటి శనివారం బీరువా తెరిచి మూడు సీళ్ళూ కత్తెరతో తెంపాను. కుర్రకారుని నిలబెట్టి ఒక్కొక్కరికీ మాస్కు తగిలించి, కళ్ళు మూయించి, గోదాము చుట్టూ పాకించాను. మొదటివాడికి ఏడు నిమిషాలు పట్టింది పెట్టుకోవడానికి. పట్టీ ఏదో, బకిలు ఏదో ఎవరికీ తెలియదు. ఆరేళ్ళు బొమ్మల కొలువులో పెట్టుకున్నాం కదా. నేనూ తొడుక్కున్నాను. బెలూను వాసనే. రెండు నిమిషాలకి ఊపిరి చాలక తీసేశాను.

ఫైర్ ఆఫీసరు వచ్చి చూసి, సిలిండరు ఖాళీ చేశావేమయ్యా అని కేకలేశాడు. తర్వాత కుర్చీలో కూలబడి, నింపడానికి పంపే కాగితం మీద సంతకం పెట్టాడు. ప్రతి శనివారం అదే కేక, అదే సంతకం. ఫిబ్రవరికి మావాళ్ళు ఒకటిన్నర నిమిషంలో పెట్టుకోవడం నేర్చుకున్నారు. బుధ్‌రామ్ ఫోను బల్ల దగ్గర కూర్చుని గడియారం చూసి, ఎవరికి ఎంత పట్టిందో గట్టిగా చెప్పేవాడు. నాతో మాత్రం పని మాటలే. లీడరు పట్టీ పోయినా 'లీడర్' అనే పిలిచేవాడు. నొప్పిగా ఉండేది. అడిగే హక్కు లేదు.

1997 ఏప్రిల్

నిన్న తనిఖీ అధికారి వచ్చాడు. అదే మనిషి. బీరువా తెరిచి ఆగిపోయాడు. పట్టీలు మాసి ఉన్నాయి, రబ్బరు మీద చెమట మరకలు, గీతలు, ఒకదాని అద్దం మీద గోదాము నేల గీసుకున్న చార. సీళ్ళు లేవు. ఒక సిలిండరు నింపడానికి వెళ్ళి ఇంకా రాలేదు. మా అందరి మొహాలూ చూశాడు. ఫైర్ ఆఫీసరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు, కానీ నా పేరు చెప్పలేదు. అధికారి రిజిస్టరులో హిందీలో రాశాడు, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

రిజిస్టరు బుధ్‌రామ్ బల్ల మీదే ఉండిపోయింది. అతను దాన్ని తనవైపు తిప్పుకుని, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, ఊపిరి కోసం ఆగుతూ చదివాడు. 'మాస్కులు మురికిగా ఉన్నాయి. వాడినట్టు స్పష్టంగా తెలుస్తోంది. అసంతృప్తికరం.' మళ్ళీ మొదటినుంచి చదివాడు. పాత పేజీలు వెనక్కి తిప్పి ఆరేళ్ళ 'చాలా బాగున్నాయి'లు చూశాడు, సొరంగంలో మంట వచ్చిన నెలది కూడా. దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు.

తలెత్తి నన్ను చూశాడు.

"భైయా, పహిలీ బార్ ఖరాబ్ లిఖిస్ హే" అన్నాడు. మొదటిసారి మనకి చెడ్డగా రాశాడు భైయా, అని.

ఎనిమిది నెలలైంది ఆ పిలుపు విని. అతను నవ్వాడు, నేనూ నవ్వాను. మా ఇద్దరికీ నవ్వు నిలవదు, దగ్గులోకి దిగుతుంది. అతను బల్ల పట్టుకుని, నేను బీరువా పట్టుకుని చాలాసేపు దగ్గాం. కుర్రాళ్ళు కంగారుపడి నీళ్ళు తెచ్చారు. ముందు అతను తాగి, గ్లాసు నాకు ఇచ్చాడు.